మంచుగుట్టలో వెన్న

ఇలా దగ్గరికి జరగండి. ఆ దుప్పటి కాళ్ల మీదికి లాక్కోండి, ఈ వారం కథంతా చలిలోనే నడుస్తుంది. కిందటి వారం ఎక్కడ ఆపాం? తన్నౌ ఊళ్లో బస్సు ఆగింది, అందులోంచి ఐలా దిగింది. గుర్తొచ్చిందా? ఫిన్లాండు మనిషి. తాటిచెట్టంత పొడుగు. ఒక చేతిలో చిన్న సంచీ, ఇంకో చేతిలో తనకన్నా పొడుగైన ఇనుప చువ్వ. బయాథ్లాన్ పందేల వాళ్లు పంపిన తనిఖీ అధికారి. ఫిలోమేనా పూలగుత్తి పట్టుకుని ఎదురువెళ్తే ఆవిడ పూల వైపు చూడలేదు, బ్యాండు మేళం వైపు చూడలేదు. "గుట్ట ఎక్కడ?" అంది. అక్కడ ఆపాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు విసుక్కోకండి. బయాథ్లాన్ అంటే కాళ్లకి స్కీలు కట్టుకుని మంచు మీద పరుగెత్తి, మధ్యలో ఆగి, ఊపిరి బిగబట్టి తుపాకీ పేల్చే పందెం. ఇరవై ఎనిమిది దేశాల వాళ్లు తన్నౌకి రాబోతున్నారు. పందేలు మూడు వారాల్లో ఉన్నాయి, ఊళ్లో చూస్తే గుప్పెడు మంచు లేదు. దక్షిణం నుంచి వేడిగాలి పట్టుకుంది. ఆ గాలి వీచినన్నాళ్లూ ఆకాశం మంచు కురవదు, మంచు చేసే మిషన్లు పెట్టినా నీళ్లే కక్కుతాయి. మరి పందెం దేని మీద జరగాలి? కిందటి చలికాలపు మంచు మీద! ఏప్రిల్లో ఊరి వెనక, కొండ నీడలో, ఆ మంచునంతా గుట్టగా పోశారు. దాని మీద మోకాటి లోతు రంపపు పొట్టు కప్పారు. ఎండాకాలమంతా అది దుప్పటి కింద పడుకున్న ముసలాడిలా కదలకుండా ఉంది. పందెం దారి నాలుగు కిలోమీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, అర మీటరు మందం. అంటే పన్నెండు వేల ఘనపు మీటర్ల మంచు కావాలి. ఏప్రిల్లో పోసింది పదిహేడు వేలు. ఎండాకాలం నాలుగో వంతు తిన్నా, దారికి సరిపోయి పైన కాస్త మిగులుతుంది.

మిగలకపోతే? పందేలు సొన్నెగ్‌కి పోతాయి. సొన్నెగ్ అంటే కొండకి అవతలి ఊరు, ఎండ బాగా పడే ఊరు, తన్నౌ వాళ్లకి ఆ పేరు చెబితే తిన్నది అరగదు. తన్నౌ బడి ఎత్తేసి పిల్లల్ని సొన్నెగ్ బడిలో కలిపారు. డాక్టరు సొన్నెగ్‌కి మారిపోయాడు. పోస్టాఫీసు కూడా పెట్టే బేడా సర్దుకుని అక్కడికే పోయింది. ఇక తన్నౌకి మిగిలింది ఈ పందేలొక్కటే, అదీ నలభై ఏళ్లు అడగ్గా అడగ్గా వచ్చాయి. ఒక్కసారి చేయి జారితే మళ్లీ పదేళ్ల దాకా దక్కవు.

ఆ పందేల సంఘానికి పెద్ద మన ఫిలోమేనా. నల్ల పొట్టేలు అనే పూటకూళ్ల సత్రం నడుపుతుంది. మొగుడు పోయాక సత్రాన్నీ, అత్తగారినీ, కూతురినీ ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. గొంతు విప్పిందంటే అవతలి గట్టు మీద ఆవులు తలెత్తి చూస్తాయి. జూన్ నెలలో చర్చి హాల్లో ఊరందర్నీ కూర్చోబెట్టి, "ఆ గుట్ట మీద చెయ్యి వేసినవాళ్ల చెయ్యి నేనే విరిచి పొయ్యిలో పెడతాను" అని ఒట్టు వేసింది.

జూలైలో తనే చెయ్యి వేసింది.

ఎందుకంటే తన్నౌ ఆడవాళ్లకి ఒక పట్టింపు ఉంది. జూలైలో కొండమీది పచ్చికలో మేసిన ఆవుల వెన్న, ఆ గడ్డిపూల వాసన పోకుండా క్రిస్మస్ దాకా నిలవుండాలి. ఆ వెన్నతో చేస్తేనే క్రిస్మస్ రొట్టె. ఫ్రిజ్‌లో పెడితే వెన్న ఉల్లిపాయ వాసన పట్టేస్తుందని వాళ్లు ఏకగ్రీవంగా నమ్ముతారు. అమ్మమ్మల కాలంలో ప్రతి ఇంటి కిందా ఒక మంచుగది ఉండేది, వెన్న అందులో పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ గదుల్లో సైకిళ్లు పెట్టుకున్నారు. అలాంటిది ఊరి వెనక కొండంత మంచుగది కళ్లెదుట లేస్తే ఏ ఇల్లాలి చెయ్యి ఊరుకుంటుంది? ఫిలోమేనా తూర్పు వైపు పొట్టు తొలిచి, మోచేతి లోతు గొయ్యి తీసి, ఆరు ముద్దల వెన్న పెట్టి మళ్లీ కప్పేసింది. ఒక్క ఇంటి వెన్నకి గుట్ట కరిగిపోతుందా ఏమిటి అనుకుంది.

ఇదీ సంగతి. ఇప్పుడు పదండి.

ఐలా ముందు నడుస్తోంది, ఊరు వెనక నడుస్తోంది. అధికారి దారిలో ఎవర్నైనా ఆపి పందేల వివరాలు అడగొచ్చని ఫిలోమేనా వారం రోజులుగా ఊరందరి చేత అంకెలు బట్టీ పట్టించింది. ఊరి జనం ఆరు వందలు, అందులో పందేల పనికి పేరిచ్చినవాళ్లు మూడు వందల పది. మిగతావాళ్లు పసిపిల్లలూ, మంచం పట్టినవాళ్లూ, బ్యాండు వాళ్లూను. రోజుకి ఐదు వేల క్నోడెల్ ముద్దలు, పాత రొట్టె పిసికి చేసేవి, ఉడకాలి. ఇరవై ఎనిమిది జాతీయగీతాలు వాయించడం బ్యాండు వాళ్లకి రావాలి, అందులో ఇరవై ఏడు వచ్చాయి. ఇరవై ఎనిమిదోది ఎవరిదో ఆ దేశం వాళ్లు గెలవకుండా ఉంటే చాలని బ్యాండు మాస్టరు ప్రతి ఆదివారం మొక్కుకుంటున్నాడు.

ఐలా ఎవర్నీ ఏమీ అడగలేదు. కానీ బట్టీ పట్టిన అంకెలు కడుపులో ఊరుకుంటాయా? మాంసం కొట్టు వీగిల్ ఆపుకోలేక గుమ్మంలోంచే అరిచాడు.

"నమస్కారమమ్మా! మా దారి పొడవు ఐదు వేల ముద్దలు! రోజుకి నాలుగు కిలోమీటర్ల క్నోడెల్ వండుతాం!"

"ఒరే వీగిల్, నోరు మూసుకుని వెనక నడు" అంది ఫిలోమేనా పళ్ల సందుల్లోంచి.

"నువ్వే కదక్కా అడక్కముందే చెప్పమన్నావు?"

"అడిగితే చెప్పమన్నాను!"

ఐలా వెనక్కి తిరిగి వీగిల్‌ని ఒకసారి చూసింది. "చాలా ముద్దలు" అంది. ఆవిడకి వాళ్ల భాష బాగానే వచ్చు, కానీ ఒక్కో మాటనీ తూకం వేసి వదిలేది.

గుట్ట దగ్గరికి వచ్చారు. చెక్కల రంగులో, చర్చి కప్పు కన్నా ఎత్తుగా, కొండ నీడలో పడుకుని ఉంది. దాని కాపలాదారు కాసియన్, ఫిలోమేనా మొగుడి తమ్ముడు, టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఉత్తరం వైపు, గుట్టని ఆనుకుని, మడత కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. నల్ల శాలువా, ఒళ్లో కర్ర. చూస్తే ఫిలోమేనా అత్తగారు, జెంజి అవ్వ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి.

"అత్తయ్యా! ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నారు?"

"గాలికి వచ్చానే."

"గాలికి ఈ నీడలోకా వస్తారు? లేవండి, అఫ్రా ఇంటికి తీసుకెళ్తుంది."

ఫిలోమేనా కూతురు అఫ్రా ముందుకొచ్చి చెయ్యి పట్టుకోబోతే అవ్వ కర్ర అడ్డం పెట్టింది. "నా మోకాళ్లు పట్టేశాయి. లేవలేను. మీ పని మీరు చూసుకోండి, త్వరగా చూసుకోండి. ఇక్కడ చలికి చచ్చేవాళ్లున్నారు."

సరే, ముసలి ప్రాణం, పట్టుబడితే కదలదు. వదిలేశారు.

ఐలా చువ్వ పుచ్చుకుని గుట్ట చుట్టూ బయల్దేరింది. ఇక చూడాలి ఆ తమాషా. తూర్పు వైపు ఆగబోయింది. ఫిలోమేనా చటుక్కున ముందుకొచ్చి, "ఇక్కడ కాదండీ, ఇక్కడ పొట్టు కాలికి జారుతుంది, అటు వెళదాం" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. వీగిల్ దూరి, "ఇక్కడ కందిరీగలమ్మా, కుట్టాయంటే ముఖం క్నోడెల్ అయిపోద్ది" అన్నాడు. నవంబరు నెలలో కందిరీగలు! ఇంకో నాలుగడుగులు. ఫాదర్ ఉర్బన్ దణ్ణం పెడుతున్నవాడిలా చేతులు కట్టుకుని, "ఈ చోటు చదునుగా లేదమ్మా, అటు పక్క చూడండి, దేవుడి దయవల్ల చాలా బాగుంటుంది" అన్నాడు. అటు పక్క నిలబడ్డ బేకరీ ఆవిడకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి, వంగి వంగి దగ్గి, ఐలాని అక్కణ్నుంచి తరిమింది. ఇలా చుట్టూ తిరిగి మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చారు.

ఫిలోమేనాకి అప్పటికి గానీ అనుమానం రాలేదు. తనకి తెలుసు తను ఎందుకు అడ్డుపడిందో. మరి వీళ్లంతా ఎందుకు పడుతున్నట్టు?

ఐలా అందరి ముఖాల్నీ వరసగా చూసింది. "మీరు ఎక్కడ వద్దన్నారో గుర్తుంది" అంది. తిన్నగా వెళ్లి వీగిల్ కందిరీగల దగ్గర చువ్వ దింపింది.

చువ్వ మెత్తగా దిగింది. మంచులోకి ఇనుము దిగితే కరకరమనాలి. ఇది వెన్నలోకి దిగినట్టు దిగింది, ఎందుకంటే వెన్నలోకే దిగింది. పైకి లాగేసరికి కొసన పసుపుపచ్చ ముద్ద ఒకటి గుచ్చుకుని వచ్చింది. దాని మీద చక్కగా కోడిపుంజు ముద్ర.

ఇక్కడ ఒక్క మాట. తన్నౌలో ప్రతి ఇంటికీ చెక్కతో చెక్కిన వెన్న అచ్చు ఉంటుంది. ఏ ఇంటి అచ్చు ఆ ఇంటిదే, తాతల నాటిది. పేరు మార్చుకోవచ్చు, వెన్న ముద్ర మార్చుకోలేరు. కోడిపుంజు వీగిల్ వాళ్లది.

"ఇది... ఇది నాది కాదు" అన్నాడు వీగిల్.

"పుంజుకి తోక విరిగింది కదరా" అంది బేకరీ ఆవిడ. "మీ నాన్న ఆ అచ్చు పొయ్యిలో పడేసుకున్నప్పటి నుంచీ విరిగే ఉంది. నీది కాకపోతే పుంజే నడిచొచ్చిందా?"

ఫిలోమేనాకి పట్టరాని కోపం వచ్చింది. తన వెన్న మాట ఆ క్షణాన నిజంగా మర్చిపోయింది. "సిగ్గుందా నీకు? ఊరంతా ఒక మాట అనుకున్నాక, ఇరవై ఎనిమిది దేశాల పరువు ఈ పొట్టు కింద ఉందని తెలిసీ, నువ్వు వెన్న దాస్తావా? అసలు ఏం పెంపకం రా మీది? ఇలాంటి పని చెయ్యాలంటే..."

ఆవిడ తిడుతూనే ఉంది, ఐలా చువ్వ దింపుతూనే ఉంది. ఫాదర్ నిలబడ్డ చోట దింపితే గంట ముద్ర వచ్చింది, చర్చి ఇంటిది. ఫాదర్ ఆకాశం వైపు చూశాడు. బేకరీ ఆవిడ దగ్గిన చోట గోధుమ కంకి. బ్యాండు మాస్టరు వైపు బాకా. అరగంటలో పొట్టు మీద వెన్న ముద్దలు సంతలో పేర్చినట్టు పేరుకున్నాయి. ఊళ్లో సగం ఇళ్లు అక్కడే బయటపడ్డాయి. వీగిల్ ముఖం మెల్లగా తేటపడుతోంది, తోడు దొరికినవాడి ముఖంలా.

"...చెయ్యాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి!" అని ఫిలోమేనా ముగించే సమయానికి ఐలా తూర్పు వైపుకి వచ్చింది.

ఫిలోమేనా పొట్టు కాలికి జారుతుందని మళ్లీ చెప్పబోయింది.

చువ్వ దిగింది, లేచింది. కొసన నల్ల పొట్టేలు. వంకర తిరిగిన కొమ్ములు రెండూ చక్కగా, ఒక్క గీత చెదరకుండా.

వీగిల్ చాలా మర్యాదగా, "అక్కా, చెయ్యి నువ్వే విరుచుకుంటావా, మమ్మల్ని విరవమంటావా?" అన్నాడు.

ఇలాంటప్పుడు మనిషి ఏం చేస్తుంది? పక్కవాడి మీద పడుతుంది. ఫిలోమేనా కాసియన్ మీద పడింది.

"కాపలా ఎవరిది? నీదా, కాదా? రోజూ ఇక్కడే కూర్చున్నావు కదా! ఊరంతా వచ్చి గోతులు తవ్వుతుంటే నువ్వేం చేస్తున్నావు, టోపీ నలుపుతున్నావా?"

కాసియన్ నెమ్మదస్తుడు. వదిన ముందు ఏనాడూ గొంతెత్తనివాడు. టోపీ నలపడం ఆపి, తల మీద పెట్టుకున్నాడు.

"అందరూ ఒకే మాట అన్నారు వదినా. 'ఒక్క మా ఇంటిదే కాసియన్, ఎవరికీ చెప్పకు' అని. ఒకరి సంగతి ఒకరికి చెప్పనని అందరికీ మాటిచ్చాను. చెప్పలేదు."

"ఒద్దనాల్సింది!"

"అందామనే అనుకున్నాను. వీగిల్ వచ్చినప్పుడు నోటిదాకా వచ్చింది. కానీ ఎలా అనను? అంతకు రెండు రోజుల ముందే ఒకావిడకి సరేనన్నాను. మొట్టమొదట వచ్చింది ఆవిడే. ఆరు ముద్దలు, గంప నిండా. 'మనం మనం ఒకటి కాసియన్, నాకు తెలియదా గుట్టకి ఏది మంచిదో' అంది. ఆవిడకి సరేనన్న నోటితో ఇంకొకరికి కాదని ఎలా అనేది వదినా, నువ్వే చెప్పు."

కాసియన్ తప్పు పడుతున్నట్టు అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. అందుకే ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"నేనే" అంది చివరికి, ఎవరికీ వినపడకుండా. ఆ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని తన్నౌలో అదే మొదటిసారి తెలిసింది.

ఈలోగా ఐలా గుట్ట ఎక్కి దిగి, నాలుగు వైపులా కొలిచి, లెక్క కట్టేసింది.

"పదివేల ఆరు వందలు" అంది.

ఊరంతా నోట్లోనే తీసివేతలు చేసుకున్నారు. పద్నాలుగు వందలు తక్కువ. అంటే దారిలో దాదాపు అర కిలోమీటరు మేర గడ్డి.

"ఆ అర కిలోమీటరూ స్కీలు విప్పి చేత్తో పట్టుకుని నడిచెళ్లమనండి" అన్నాడు వీగిల్. "ఎలాగూ అలిసిపోయుంటారు, కాస్త నడిస్తే మంచిదే కదా."

ఐలా నవ్వలేదు. "సొన్నెగ్ గుట్ట నిన్న చూశాను. నిండుగా ఉంది. అందులో ఎవరూ ఏమీ దాచలేదు."

ఆ పేరు వినగానే ఫిలోమేనాకి ఒంట్లోకి ప్రాణం వచ్చింది. "అమ్మా ఐలా, ఒక్క మాట వినండి. మా బడి అక్కడికి పోయింది. డాక్టరు పోయాడు. ఉత్తరం వెయ్యాలంటే మేం కొండ దిగి కొండ ఎక్కాలి. ఈ పందేల కోసం మా మూడు వందల పది మంది రాత్రీ పగలూ కష్టపడ్డారు. తప్పు చేశాం. ఒట్టు వేసినదాన్ని, ముందు తప్పు నాదే, నన్ను ఈ సంఘంలోంచి తీసెయ్యండి. కానీ పందేలు తీసుకెళ్లకండి. నేను చేసినదానికి ఊరు మొత్తం పోగొట్టుకుందని రేపు నా సత్రం ముందు నుంచి వెళ్లే ప్రతివాళ్ల ముఖంలో చదువుకోవాలి. అది నావల్ల కాదు."

ఐలా చువ్వ కొసన మిగిలిన పొట్టేలు వెన్నని వేలితో తీసి, నాలిక మీద వేసుకుంది. ఊరంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది.

"పూల వాసన ఉంది" అంది.

"ఉంటుంది కదమ్మా!" అన్నారు ఆడవాళ్లు నలుగురైదుగురు ఒకేసారి, ఉత్సాహంగా. ఫిలోమేనా వాళ్ల వైపు ఉరిమి చూసింది.

"వచ్చే శనివారం మధ్యాహ్నం వస్తాను" అంది ఐలా. "దారి మొత్తం మంచు ఉండాలి. నాలుగు కిలోమీటర్లు. అడుగు తక్కువైనా పందేలు సొన్నెగ్‌కి. ఎక్కువైతే క్నోడెల్ తింటాను."

ఇంత పొడుగు మాట ఆవిడ తన జన్మలో ఆడి ఉండదు. జనం ఊపిరి వదిలారు. గడువైతే దొరికింది. పద్నాలుగు వందల ఘనపు మీటర్లు ఎక్కడి నుంచి తెస్తారన్నది తర్వాత సంగతి.

కానీ ఐలా కదల్లేదు. గుట్ట వైపే చూస్తోంది.

"వెన్న ఇంత మంచు తినలేదు. వెన్న గోతులు చిన్నవి. మంచుని తిన్నది గాలి. పైన మీ గోతులు, కిటికీల్లాగా. వేడిగాలి కింద నుంచి దూరి పైకి పోతేనే లోపల ఇంత కరుగుతుంది. కింద ఎక్కడో తలుపు ఉండాలి. పెద్ద తలుపు."

"తలుపా?" అన్నాడు కాసియన్. ఆ ముఖం చూస్తే అతనికి నిజంగానే తెలియదు. "అమ్మతోడు, నేను తలుపులకి సరేననలేదు వదినా. వెన్నలకే."

అందరూ మళ్లీ గుట్ట చుట్టూ తిరిగారు. తూర్పున లేదు, పడమట లేదు, దక్షిణాన లేదు. ఉత్తరానికి వచ్చారు. అక్కడ జెంజి అవ్వ మడత కుర్చీలో అలాగే కూర్చుని ఉంది, వీపు గుట్టకి ఆనించి.

"ఇంకా అవలేదా మీ పని?" అంది అవ్వ. "ఎంతసేపు? ముసలివాళ్ల మీద జాలి లేదా?"

"అత్తయ్యా, ఒక్కసారి లేవండి."

"లేవలేనన్నానా?"

"కాసియన్, ఆ పక్క పట్టు."

కొడుకు ఒక పక్కా, కోడలు ఒక పక్కా కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టారు. అవ్వ కర్రతో ఇద్దర్నీ చెరొకటి అంటించింది, అయినా పెట్టారు. వెనక చెక్క పలకలు నిలబెట్టి ఉన్నాయి. వాటిని జరిపితే మంచులో నున్నగా తొలిచిన దారి, మనిషి వంగి వెళ్లేంత. వేడిగాలి అందులోకి ఈల వేసుకుంటూ దూరుతోంది. దారి మొదట్లోనే, మంచులో చెక్కిన చిన్న గూటిలో, ఎర్రగళ్ల గుడ్డలో చుట్టిన వెన్న ముద్ద ఒకటి.

ఫిలోమేనా తీసి విప్పింది. దాని మీద జంట చేపలు.

తన్నౌలో చేపల ముద్ర ఏ ఇంటికీ లేదు. అది సొన్నెగ్ ముద్ర. అందులోనూ ఆ ఊరి మేయరు ఇంటి ముద్ర.

"సొన్నెగ్ వాళ్లు మన గుట్టలోనా!" అని వీగిల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. కానీ ఆడవాళ్లెవరూ వెన్న వైపు చూడటం లేదు, గుడ్డ వైపు చూస్తున్నారు. ఎర్రగళ్లు, అంచున నల్ల దారం కుట్టు. నల్ల పొట్టేలు సత్రంలో రొట్టె మీద కప్పే గుడ్డ. ఫిలోమేనా తన చేత్తో కుట్టిన గుడ్డ.

ఆ కొండల్లో ఒక ఇంటి ముద్ర వెన్న ఇంకో ఇంటి గుడ్డలో ఉందంటే దానికి ఒకటే అర్థం. మగపెళ్లివారు వెన్న పంపారు, ఆడపెళ్లివారు గుడ్డ చుట్టి సరేనన్నారు. ముహూర్తమే తరువాయి.

ఊరి తలలన్నీ ఒక్కసారి అఫ్రా వైపు తిరిగాయి. మేయరుకి పెళ్లీడు కొడుకు ఉన్నాడన్న సంగతి అందరికీ తెలుసు.

"అఫ్రా! సొన్నెగ్ పిల్లాడా? మన గుట్టకి కన్నం పెట్టి మరీనా?"

"అమ్మా, నాకేం తెలియదు! వాడెవడో నేను సరిగా చూడను కూడా లేదు! బస్సులో ఒకసారి కాలు తొక్కాడు, అంతే!"

"మరి మన గుడ్డ దీనికి ఎలా వచ్చింది? మన ఇంట్లో ఆడవాళ్లం ఎంతమందిమి? నేనా ఇచ్చాను?"

అప్పుడు కర్ర నేల మీద ఠక్కుమంది.

"ఏమే ఫిలోమేనా" అంది జెంజి అవ్వ, శాలువా సర్దుకుంటూ. "అందరూ దాని వైపే చూస్తారేం? మన ఇంట్లో పెళ్లి కావలసిన ఆడది అదొక్కతేనా?"

ఫాదర్ ఉర్బన్ సిలువ వేసుకున్నాడు. ఐలా మొదటిసారి సంచీ కింద పెట్టి, తీరుబడిగా నిలబడింది.

ఫిలోమేనాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "బడి తీసుకుపోయారు" అంది. "డాక్టర్ని తీసుకుపోయారు. పోస్టాఫీసు తీసుకుపోయారు. పందేలు తీసుకుపోతామంటున్నారు. ఇప్పుడు మా అత్తగారిని కూడానా! ఎవరత్తయ్యా ఆ మనిషి?"

అవ్వకి జవాబు చెప్పే అవసరం రాలేదు. మంచులో తొలిచిన ఆ చీకటి దారిలోంచి, లోపల ఎక్కడో, ఎవరో దగ్గారు. ముసలి దగ్గు. ఆగి, ఇంకోసారి దగ్గి, గట్టిగా తుమ్మారు.

జెంజి అవ్వ తలైనా తిప్పకుండా, కర్రతో పలక మీద రెండుసార్లు కొట్టి, "ఇక బయటికి రావయ్యా ఇంగెన్విన్. తెలిసిపోయింది. మేయరు పని చేసే నీ కొడుక్కి ఇంటికెళ్లాక నువ్వే చెప్పుకుందువుగాని" అంది.

ఇంతవరకే ఇవాళ్టికి. ఈ కథ మీ ఇంట్లోవాళ్లకి చెప్పేటప్పుడు అంకెలు తప్పినా పరవాలేదు, వీగిల్ లాగా ముద్దల్నీ కిలోమీటర్లనీ కలిపేసినా నేనేమీ అనుకోను. ఒక్కటి మాత్రం మర్చిపోకుండా చెప్పండి: ఊళ్లో పెద్దలంతా తలలు దించుకుని నిలబడిన ఆ పొద్దున, జెంజి అవ్వ ఒక్కతే తల ఎత్తుకుని కూర్చుంది. తుమ్ము తర్వాత మంచులోంచి ముందుగా బయటికి వచ్చింది ఒక ముసలి చెయ్యి. ఆ చేతిలో పార ఉంది.